పాత నల్లకారు: బాహ్యాభ్యంతర శుద్ధి



నేటి ప్రసంగవిషయము పాత నల్లకారును ఇంటివద్దనే లోపలను వెలుపలను శుభ్రపరచుట. ముప్పదియేండ్లకు పైగా పిల్లలకు సంధులును సమాసములును చెప్పిన పంతులు కారు కడుగుటను గూర్చి చెప్పుట యేమని కొందరు నవ్వుకొందురేమో. నవ్వవచ్చును. కాని యొక్క సంగతి యోచింపుడు. నేడు మన పల్లెలలో పశువులు తగ్గి ఖాళీయైన సాలలలో పాతకార్లు నిలిచియున్నవి. కొన్ని కుమారులు హైదరాబాదునకో అమెరికాకో పోవుచు విడిచిపోయినవి. కొన్ని అల్లునకు ఇచ్చినవి. అల్లుడు క్రొత్తది కొనుక్కొని పాతదానిని మరల మామగారింటికే పంపినవి. వాని బాగోగులు చూచువారు ఇంటనున్న పెద్దలే. నెలకొకమారు ఆస్పత్రికో, పెండ్లికో, తీర్థమునకో కుటుంబమంతయు ఆ కారులోనే బయలుదేరును. కావున దానిని కడుగుట వేడుక గాదు. అందులో కూర్చుండువారి ప్రాణములతో ముడిపడిన పని.

మా యింటి కారు నల్లని అంబాసిడరు. 1996లో మా అన్నగారు కొనిరి. ఆయన కాలము చేసిన పిమ్మట పిల్లలు దానిని అమ్మివేయుదమనిరి. మా వదినగారు “మఱిదిగారూ, అది ఇంటనే యుండనిండు” అనిరి. అంతట దాని పరిచర్య నాపాలబడినది. ఈ జాతి కార్లు 1950ల చివరిభాగమునుండి 2014 వరకు వంగదేశమున ఉత్తరపారాలో తయారైనవి. ఆంగ్లదేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డు కారు మూడవశ్రేణి వీనికి మాతృక. 2014లో తయారీ నిలిచిపోయినది. కావున తలుపు తుప్పుపట్టిన క్రొత్తతలుపు తెచ్చి తగిలింతమనుట నేడు సులభము కాదు. ఉన్న యినుమును నిలుపుకొనుటయే మార్గము.

ఇనుమును నిలుపుకొనుట యనగా మా యూరిలో నొక పోరాటము. మాది మధురవాడ. ఒకప్రక్క కొండలు, రెండవప్రక్క ఋషికొండ, భీమునిపట్టణముల సముద్రతీరము. విశాఖపట్టణమున కొకచమత్కారము కలదు. నగరమునకు దక్షిణమున ఉక్కు చేయుదురు. ఆ కర్మాగారమునకు 1971లో శంకుస్థాపన జరిగినది, 1992లో దానిని జాతికి అంకితము చేసిరి, అచ్చటి కాలనీకి ఉక్కునగరమనియే పేరు. కాని ఆ నగరపు గాలియే ఇనుమును తినివేయును. కారణము ఉప్పు. కెరటములు విరిగినప్పుడు లేచు సన్ననితుంపరలు గాలిలో ఎండి, కంటికి కానరాని లవణరేణువులై, తీరమునుండి కొన్ని మైళ్ళు లోపలికి వచ్చి వ్రాలును.

మీ వంటయింట ఉప్పుజాడిని చూడుడు. నౌపడా ఉప్పైనను మఱియొక చోటి ఉప్పైనను వానకాలమున జాడిలో చెమ్మగిల్లి నీరూరును. సముద్రపుటుప్పులోని కొన్ని లవణములకు గాలిలోని తేమను పీల్చుగుణము కలదు. కారుపై వ్రాలిన ఉప్పును అదేవిధముగా చెమ్మగిల్లి, వానలేని దినములందును ఇనుమును తడిగానే యుంచును. తడి, గాలి, ఉప్పు, ఈ మూడును కలిసినచోట తుప్పు మిక్కిలి వేగముగా పుట్టును. ఢిల్లీలోని ఇనుపస్తంభము సుమారు 1600 ఏండ్లుగా నిలిచియున్నదని మనవారు గర్వింతురు. ఆ లోహమునందలి భాస్వరమును, అచ్చటి పొడిగాలియు అందుకు తోడ్పడినవి. మన తీరమున మామూలు రేకునుండి అట్టి యోర్పును ఆశింపరాదు. ఇక రహదారిమీది ఎఱ్ఱదుమ్ము, ఇండ్లు కట్టుచోటి సిమెంటుపొడి, రేవుప్రాంతమునకు బోయి నిలిపినచో బొగ్గుధూళి, ఇనుపఖనిజపు ధూళి, ఇవియును చేరును.

ఇప్పుడు నలుపును గూర్చి. అమెరికాలో ఫోర్డు కర్మాగారము తన ‘టి’ నమూనా కార్లను 1914నుండి 1925వఱకు నల్లరంగులోనే చేసినది. ఆనాటికి నల్లరంగు చౌకయైనది, మన్నికయైనది. కాని కడుగువానికి నలుపంత కఠినమైన పరీక్షకుడు లేడు. నల్లని నునుపైన రంగు అద్దమువంటిది. దానిపై సన్ననిగీత పడినచో ఆ గీత వెలుతురును చెదరగొట్టి తెల్లగా కానవచ్చును. తెల్లకారుపై అట్టిగీతయే పడినను కంటికి ఆనదు. ఎండలో నల్లకారుపై సూర్యబింబముచుట్టును సాలెగూడువంటి వలయములు మీరు చూచియుందురు. అవి నిజముగా వలయములు గావు. గీతలు అన్నిదిక్కులను ఉండును; వెలుతురునకు అడ్డముగా నున్నవి మాత్రమే మెఱసి, చుట్టు గీచినట్లు తోచును. అరగదోమిన కంచుపళ్ళెమునందును ఇట్లే కానవచ్చును. ఆ గీతలలో పెక్కు ప్రయాణమువలన వచ్చినవి గావు. పొడిగుడ్డతో దుమ్ము తుడిచిన చేతివలన వచ్చినవి. దుమ్మనగా ఇసుక. గుడ్డక్రింద ఇసుకబెట్టి రుద్దుట గరుకుకాగితముతో రుద్దుటయే. కావున ప్రథమనియమము: పొడికారును ఎన్నడును తుడువరాదు.

రంగు ఎంత మందముండునో తెలిసినయెడల చేయి తనంతట తానే మెత్తబడును. అడుగుపూతతో సహా మిల్లీమీటరులో పదవవంతునకు కొంచెము అటునిటు, అంతే. ఇటీవలి కార్లకు రంగుమీద పారదర్శకమైన పూత యొకటి యుండును. మా కారువంటి పాతవానికి చాలవఱకు రంగే పైపూత. పరీక్ష సులభము. కనబడని మూల తెల్లగుడ్డపై కొంచెము పాలిష్ వేసి రుద్దుడు. గుడ్డ నల్లబడినచో అది మురికి గాదు, మీ కారు రంగే. బూడిదవర్ణమునకు దిగిన పైపొర యట్లు పోయి లోపలి నలుపు బయటపడును. చూచుటకు ముచ్చటగానే యుండును. కాని ప్రతిపాలిష్‌ను రంగునుండి కొంత తీసికొనిపోవును, తిరిగి యీయదు. కొన్నియేండ్ల క్రిందట మా మేనల్లుడు ఈ కారును ఒక దుకాణమునకు తీసికొనిపోయెను. వారు తిరుగుడుయంత్రముతో గట్టిగా రుద్ది అద్దమువలె మెఱపించిరి. ఇంటికివచ్చి చూతుముగదా, బానెట్టు అంచులవెంట ఎఱ్ఱని అడుగుపూత కానవచ్చినది. అంచులపై రంగు ఎప్పుడును పలుచనగానే యుండును. నాటినుండి యంత్రము మా గడపలోనికి రాలేదు. ఏడాదికొకమారు చేతితో, అంచులు విడిచి, మెత్తనిపాలిష్ చాలును. మెఱపునకై మందమును అమ్ముకొనుట నా దృష్టిలో పిచ్చిబేరము.

పనికి ప్రాతఃకాలము మంచిది. ఎండలో నల్లరేకు చేయిబెట్టలేనంత కాగును. నీరు తుడుచునంతలో ఇంకి తెల్లనిమచ్చలు పడును. నేను లోపలిపని ముందు చేయుదును. చాపలు దులిపినప్పుడు లేచు దుమ్ము కడిగిన రేకుపై పడకుండుటకు.

లోపల చాపలను, వానిక్రింది పఱపును పూర్తిగా ఎత్తవలెను. ఇందు బద్ధకము కూడదు. నాకు తెలిసిన పాతకార్లలో పెక్కు పైనుండి గాక క్రిందినుండి చచ్చినవి. పైన నల్లగా నిగనిగలాడుచుండగా పాదములక్రింద రేకు జల్లెడయైయుండును. వాననీరు తలుపుఱబ్బరునుండియో, ముందద్దము అంచునుండియో కారి చాపక్రింద నిలుచును. చాప పైకి పొడిగానే యుండును. అనుమానమున్నచో రాత్రి చాపక్రింద వార్తాపత్రిక కాగితములు పఱచి, తెల్లవారి తీసి చూడుడు. ఏమూల తడిసినదో కాగితమే చెప్పును. వానదినము తరువాత ఈ పరీక్ష చేసినచో మఱియు మేలు. పిదప స్క్రూడ్రైవరు పిడితో నేలరేకును అంతటను మెల్లగా తట్టుడు. మంచిరేకు కంచువలె పలుకును. తుప్పుపట్టినది పగిలినకుండవలె బొద్దుగా పలుకును. పలుకు మాఱినచోట గోకి, తుప్పుతీసి, తుప్పు నాపు పూత వేయించుడు. చిల్లి పడియున్నచో అతుకువేయువానిని పిలువుడు. చాప కప్పి మఱచిపోకుడు. అక్కడ పాదముంచునది మనుమడు.

తలుపులలోనికి కిటికీ అద్దమువెంట నీరు దిగుట సహజము. అది పోవుటకై తలుపు అడుగున చిన్నచిన్న రంధ్రములుండును. మట్టియు ఆకుముక్కలును చేరి అవి పూడుకొనిపోవును. నీరు తలుపుపొట్టలో నిలిచి లోపలినుండి తుప్పు తినుచు వచ్చును. వీనిని శుభ్రపఱచుటకు కొబ్బరియీనెను మించిన పనిముట్టు నాకు కనబడలేదు. వంగును, విఱుగదు, రంగును గీరదు. ముందద్దముక్రింద గాలి లోనికిబోవు జాలియందును ఇట్లే చెత్త పేరుకొనును. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖను తాకిన పిమ్మట నగరమున కొన్నిదినములు విద్యుత్తు లేదు, నీటికిని కటకటయే. నీరు వచ్చినపిమ్మట ఆ జాలినుండి నేను తీసిన ఇసుకయు వేపాకును రెండుదోసిళ్ళకు పైబడినవి.

సీట్ల రెక్సినును తేలికసబ్బునీట ముంచి పిండినగుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఆర్పుడు. కుట్లవెంట దుమ్మును మెత్తనికుంచెతో తీయుడు. పైకప్పు లోపలిగుడ్డను తడుపకుడు. తడిసినచో జిగురు వదలి వ్రేలాడును. ముందుపలకకు కొబ్బరినూనె వ్రాయువారు కలరు. మొదటిదినము మెఱయును, మఱునాటినుండి ఊరి దుమ్మంతయు దానికంటుకొనును. పల్లెలలో మఱొక సంగతి: వడ్లబస్తాలు, బెల్లపుదిమ్మలు డిక్కీలో వేసికొనిపోవుట కలదు. నాలుగుగింజలు మిగిలినను ఎలుక వచ్చును. వచ్చినది గింజతో ఆగక తీగెలను కొఱుకును. డిక్కీలోని అదనపుచక్రమును ఎత్తి దానిక్రిందకూడ ఊడ్వవలెను.

ఇక వెలుపల. రెండు బకెట్లు కావలెను. ఒకదానిలో షాంపూనీరు, రెండవదానిలో మంచినీరు. కుంకుడురసమును గూర్చి నన్నడిగినవారున్నారు. పట్టుచీరలకు మేలుచేయునది రంగునకు కీడుచేయదనుట సమంజసమే. కాని పిప్పిముక్క యొక్కటి మిగిలినను గీత పడును. కావున కార్లకై అమ్ము షాంపూనే నేను వాడుదును. అంట్లుతోము సబ్బు మాత్రము వద్దు. అది రంగుపైనున్న మైనమును కడిగివేయును. ముందుగా పైనుండి నీరుజల్లి దుమ్మును నానబెట్టి జారవిడువుడు. పిదప మెత్తనిగుడ్డను షాంపూనీట ముంచి, కప్పునుండి క్రిందికి, గుండ్రముగా గాక తిన్నగా, బరువు వేయక నడపుడు. ఒక్కొక్కభాగము కాగానే గుడ్డను మంచినీటి బకెట్టులో జాడించి, మరల షాంపూనీట ముంచుడు. ఇసుకయంతయు రెండవబకెట్టు అడుగున చేరును. గుడ్డ నేలబడినచో దానిని చక్రములకు వాడుడు, రేకునకు వాడకుడు. కాకిరెట్ట కనబడినచో గోళ్ళతో గీకకుడు. తడిగుడ్డ కొంతసేపు వేసియుంచిన తానే వదలును. దానిని నిలువయుంచిన నల్లరంగుపై మాయనిమచ్చ పడును.

బోరునీట లవణములు హెచ్చు. అట్టినీరు తనంతట తాను ఆరినచో నల్లకారు పొక్కులు లేచినట్లు మచ్చలతో నిండును. కడపటి జాడింపునకు పట్టియుంచిన వాననీరు దొఱకినచో శ్రేష్ఠము. ఎట్లైనను వెంటనే మైక్రోఫైబరుగుడ్డతో నీటిని అద్దితీయుడు.

కడిగినపిమ్మట పలుచని ప్లాస్టిక్ సంచిలో చేయిబెట్టి రేకుపై తడిమి చూడుడు. కంటికి నునుపుగా కనబడినదియు వ్రేళ్ళకు రవ్వవలె గరగరలాడవచ్చును. అవి రంగులో నాటుకొన్న ఇనుపరేణువులు, తారుబిందువులు. కర్మాగారములును రైళ్ళును ఉన్న నగరములలో ఇవి తప్పవు. వీనికై అమ్ము మెత్తని మట్టిముద్ద కలదు. రేకును సబ్బునీట బాగుగా తడిపి, దానిని మెల్లగా జార్చినచో ఆ రేణువులను పట్టుకొనును. ఏడాదికి ఒకమారు చాలును. ముద్ద నేలబడినచో పాఱవేయుడు, ధరను తలచుకొనకుడు.

చక్రములు కడపట. వీనికి వేఱుగుడ్డ, వేఱునీరు. మడ్‌గార్డుల లోపలిభాగమున మట్టి గట్టిపడి, ఉప్పునీటిని స్పంజివలె పట్టియుంచును. నీటిధారతో దానిని కరగించితీయుట రేకునకు మీరుచేయగల మహోపకారము. ఇచ్చటనే నాకు జరిగిన యొక సంగతి చెప్పవలెను. ఒకయేడు చందనోత్సవమునకు సింహాచలము పోవ నిశ్చయించుకొంటిమి. వదినగారు, కోడలు, ఇద్దఱు పిల్లలు, నేను. ముందునాడు కారు కడుగుచు వెనుక ఎడమచక్రము లోపలివైపు చేయిపోనిచ్చితిని. అన్నిచక్రములు ఆరినను అది ఆరలేదు. ముట్టుకొన్న నూనెవలె జారుచున్నది. అది నీరు గాదు, బ్రేకునూనె. మెకానిక్కు వచ్చి డ్రమ్ము విప్పగా లోపలి సిలిండరుఱబ్బరు అరిగి నూనె కారుచున్నదని తేలినది. పైకి కారు చక్కగానే నడచుచుండెను, పెడలు తొక్కిన ఆగుచునే యుండెను. సింహాచలము కొండదారి దిగునప్పుడు అది ఎట్లుండెడిదో మీరే ఊహింపుడు. మఱునాడు మేము బస్సులో పోతిమి. వారమునకు కారు సిద్ధమైనది. ఈ పనిని బండిగలవారు తమచేతనే చేయవలెనని నేను పట్టుబట్టుటకు కారణ మిదియే. కూలికి కడుగువాడు మురికిని మాత్రమే చూచును; ఇంటివాడు తడి ఎందుకున్నదని అడుగును. చెప్పమఱచితిని, బ్రేకునూనె రంగును కరగించును. చుక్కపడినచో వెంటనే నీరు విరివిగా పోసి కడుగుడు.

మైనపుపూతకు వత్తము. బ్రెజిలుదేశమున మన తాటిచెట్టు జాతిదే యొకచెట్టు కలదు. దాని యాకులపై పేరుకొను మైనమును కార్నాబా యందురు. అది కలిసిన పూత నల్లరంగునకు బాగుగా నొప్పును. పప్పులో నేయివలె గాక కంటికి కాటుకవలె పలుచగా వ్రాయుడు. పూతపై నీరు ముత్యములై నిలిచినంతకాలము అది పనిచేయుచున్నట్లు. నీరు పలుచగా పఱచుకొనుట మొదలిడినప్పుడు మరల వ్రాయవలెను. ఇది మెఱపునకన్న ఉప్పునకు అడ్డుగోడగా విలువైనది.

బంపరుయొక్క క్రోముపై చిన్నతుప్పుచుక్కలున్నచో ఇత్తడిబిందెవలె చింతపండుతో తోమకుడు. పొట్లములు కట్టు అల్యూమినియము రేకును నలిపి, నీట ముంచి మెల్లగా రుద్దుడు. అది క్రోముకన్న మెత్తన, గీత పడదు. తరువాత మైనము వ్రాయుడు. టైర్లకు కిరసనాయిలు, డీజిలు పూయువారిని చూచితిని. అవి ఱబ్బరును ఉబ్బించి పాడుచేయును. సబ్బునీరే చాలును.

ఇంజనుపై నీటిధార కొట్టకుడు. చల్లారినపిమ్మట తడిగుడ్డతో తుడుచుట మేలు. బ్యాటరీకొనలపై తెల్లగనో ఆకుపచ్చగనో బూజువంటిది పేరుకొన్నచో, తీగెలు విప్పి, వంటసోడా కలిపిననీటితో తోమి, ఆరినపిమ్మట పెట్రోలియం జెల్లీ రాయుడు. అందు ఆమ్లముండును, కన్నులు భద్రము. ఆరబెట్టుటకని మూసినషెడ్డులో ఇంజను నడపరాదు. ఆ పొగలోని విషవాయువునకు వాసన లేదు, మనిషిని నిద్రలోవలె చంపును.

విజయదశమినాడు బండ్లను కడిగి, పసుపుకుంకుమలు పెట్టి, నిమ్మకాయలు తొక్కించి, గుమ్మడికాయ కొట్టుట మన యాచారము. నేను మానలేదు. కాని మఱునాడు ఆ కుంకుమను పొడిగుడ్డతో రాల్పక నీటితోనే కడుగుడు. నిమ్మరసము క్రోముపై ఎండనీయకుడు. ఏడాదికి ఆ యొక్కదినమే కడుగువారితో నాకు పేచీ. మా తీరప్రాంతమున వారమునకొకమారు నీటిజాడింపు, రెండునెలలకొకమారు నేను చెప్పిన పూర్తిపని యుండవలెను. తీరమునకు దూరపు పల్లెలవారికి ఇంత యక్కఱ లేదు.

సొంతకారు నమోదు 15 సంవత్సరములకు చెల్లును. ఆపైన తనిఖీ చేయించి 5 సంవత్సరముల కొకమారు పొడిగించుకొనవలెను. మా కారు 2011నుండి అట్లే సాగుచున్నది. పోయినమారు తనిఖీచేసిన యువకుడు చాప తానే ఎత్తి నేలరేకు చూచెను. మెఱపును గూర్చి యొక్కమాటయు అనలేదు. నేలపై మాత్రము రెండుమార్లు తట్టి, కాగితముమీద సంతకము చేసెను.

పని ముగిసినపిమ్మట నాలుగుతలుపులను, డిక్కీని తెఱచి, కారును నీడలో గాలికి రెండుగంటలైన ఉంచుడు. తడి ఆరకముందు టార్పాలిను కప్పకుడు. అది చెమ్మను లోపల బంధించును. ఆరిన తరువాతనైనను గాలియాడు గుడ్డముసుగే మంచిది. దానిని తొడుగుటకు ముందు లోపలివైపు ఇసుక లేకుండ దులుపుడు.